మంట ముట్టని గోడ

గోడలకు ప్లాస్టిక్ పలకలు బిగించే పని చేసే అతన్ని మా వీధిలో అందరూ సలహాల సారు అనేవాళ్లు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవాళ్లు. అతను దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు. కుళాయి కారినా, పిల్లకు జ్వరం వచ్చినా, బండి మొరాయించినా, కొత్త కోడలు అలిగినా అతని దగ్గర ఓ జవాబు సిద్ధంగా ఉండేది. అడిగినవాళ్ల మాట పూర్తికాకముందే చెయ్యి ఊపి, "అది అలా కాదండీ" అని మొదలుపెట్టేవాడు. ఆ సలహాలు సగం ఫలించేవి. ఫలించనివాటిని ఎవరూ మనసులో పెట్టుకునేవాళ్లు కాదు. ఎందుకంటే ఉచిత సలహా పారేసి పోయే రకం కాదతను. చొక్కా చేతులు పైకి మడిచి, పక్కవాళ్ల మురుగు తూములో చెయ్యి పెట్టడానికైనా వెనకాడేవాడు కాదు.

"తెలియదు అనే మాట వీడి నోట ఇంతవరకు వినలేదు," అనేది వాళ్లక్క. బళ్లో టీచరు ప్రశ్న అడుగుతుండగానే చెయ్యెత్తేవాడట. సరే చెప్పమంటే, "ప్రశ్న ఇంకోసారి చెప్పండి" అనేవాడట. ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వేది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. అతని గొప్పలు ఆవిడకు విసుగూ, మురిపెమూ కూడా.

పనిలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. పొడవాటి తేలికపాటి పలకలు. ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో దూరి కూర్చుంటుంది. వెనక సన్నటి కర్ర చట్రం. చెమ్మ పట్టిన గోడ, పెచ్చులూడిన గోడ, పిల్లలు బొమ్మలు గీసిన గోడ, ఏదైనా సరే సాయంత్రానికల్లా కొత్త చొక్కా తొడుక్కున్నట్టు తయారయ్యేది. కళ్లు మూసుకుని చెయ్యి రాసి చూసినా అతుకు తెలిసేది కాదు.

అక్కా బావా పక్క వీధిలో బేకరీ నడిపేవారు. ముందు గదిలో అద్దాల బల్ల, వెనక గదిలో బ్రెడ్డు కాల్చే పొయ్యి, నూనెలో వేయించడానికి గ్యాసు పొయ్యి. వెనక గది గోడలన్నీ మసి. గ్యాసు పొయ్యి వెనక మాత్రం, ఇంతకుముందు అద్దెకున్నవాళ్లు బిగించి పోయిన స్టీలు రేకు ఉండేది, సొట్టలు పడి, మరకలతో. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు తలుపు సందులోంచి లోపలికి తొంగిచూస్తే అక్కకు ప్రాణం చివుక్కుమనేది. "ఊరందరి గోడలూ మెరిపిస్తావు, అక్క గోడ కనపడదురా నీకు?" అంది ఓ రోజు.

అంతే. ఆ వారమే తెల్ల పలకలు దించాడు. గోడలకూ, పైకప్పుకూ. పని మధ్యలో బావ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ, "పొయ్యి గదిలో ప్లాస్టిక్కు పెట్టొచ్చంటావా?" అన్నాడు. బావది మెత్తని స్వభావం. అనుమానాన్ని కూడా ఏదో మర్యాద తప్పుతున్నట్టు అడుగుతాడు.

"ఏంటి బావా నువ్వు! ఎండలో తెల్ల చొక్కా ఎందుకు వేసుకుంటాం? తెలుపు వేడిని తిప్పికొడుతుంది. ఈ గది ఇకమీదట చల్లగా ఉంటుంది చూడు. పైగా పొయ్యికి ఇంత ఎడం వదిలాను. మంట ముట్టుకుంటే కదా ఏదైనా కాలేది?"

"మరి నువ్వే చెప్పాక ఇంకేముంది," అన్నాడు బావ. ఆ తర్వాత ఆయనే వాడుకగా వచ్చేవాళ్లను లోపలికి పిలిచి మరీ గది చూపించేవాడు. స్టీలు రేకు పెరట్లో నీళ్లతొట్టికి మూత అయింది.

ఆ మధ్యాహ్నం అతను బేకరీ ముందు గదిలోనే ఉన్నాడు. బిస్కెట్టు తింటూ, కొనడానికి వచ్చిన ఒకావిడకు నడుం నొప్పికి ఏం చెయ్యాలో చెబుతున్నాడు. బావ పొయ్యి మీద నూనె బాణలి పెట్టి, పార్సిలు కట్టడానికి ముందు గదిలోకొచ్చాడు. మాటల్లో పడి కాసేపు ఆలస్యమైంది. లోపల్నుంచి భగ్గుమన్న చప్పుడు వినిపించి బావా, అతనూ, బల్ల దగ్గరున్న అక్కా ముగ్గురూ పరిగెత్తారు.

బాణలిలో నూనె అంటుకుని మంట నిలువుగా లేచి ఉంది. బావ గ్యాసు కట్టేశాడు. నూనె మాత్రం మండుతూనే ఉంది. మూత కోసం ఆయన గది మూలకు వెళ్లాడు.

"వదిలెయ్యండి, బయటికి రండి!" అని అక్క గుమ్మంలోంచి అరిచింది.

"ఏం కాదక్కా, కంగారుపడకు," అన్నాడు తమ్ముడు ఆవిడ భుజం పట్టుకుని ఆపుతూ. "మంట గోడల దాకా పోవడంలేదు చూడు. బావా, మూత పడెయ్, అదే చల్లారుతుంది."

బావ అతని వంక చూసి తలూపాడు. మూత పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు.

ఈలోగా గోడ మారుతోంది. మొదట మెరుపు పోయింది. తర్వాత పాల మీద మీగడ ముడుచుకున్నట్టు పలకల మీద ముడతలు లేచాయి. మంట నాలుక ఒక్కటీ అక్కడికి చేరలేదు. అయినా పలకలు మెత్తబడి గాడుల్లోంచి ఊడుతున్నాయి. పైకప్పు తడి దుప్పటిలా కిందికి వేలాడింది. అతను ఇదంతా చూశాడు. గుమ్మంలో నిలబడి కళ్లారా చూశాడు. తను చెప్పినదానికీ కళ్లముందు జరుగుతున్నదానికీ పొంతన కుదరక బుర్ర మొద్దుబారిపోయింది. "బావా, వచ్చెయ్" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రెండు మాటలే రాలేదు.

బావ మూత వెయ్యడానికి వంగాడు. పైనుంచి కరిగిన పలక జారి ఆయన ముంజేతి మీదా, వేళ్ల మీదా పడి అంటుకుపోయింది. ఆయన వేసిన కేక విని వీధి వీధంతా బయటికొచ్చింది. మరుక్షణంలో వేలాడుతున్న కప్పు అంటుకుంది. గదిలో నల్లటి పొగ కమ్ముకుంది. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి దూరి, భర్త చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది.

వాళ్లు వచ్చేసరికి తమ్ముడు వీధిలో ఉన్నాడు. ముందు బయటపడ్డది అతనే. ఎప్పుడు వెనక్కి తిరిగాడో, ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. ఆ గందరగోళంలో ఈ సంగతి ఎవరూ గమనించలేదు. అతనొక్కడే గమనించాడు.

ఫైరింజను వచ్చి మంట ఆర్పింది. మర్నాడు పొద్దున అగ్నిమాపక కార్యాలయం నుంచి ఒక అధికారిణి వచ్చారు. రబ్బరు బూట్లు, చేతిలో టార్చి. తడి బూడిదలో నెమ్మదిగా తిరిగి చూశాక, "ఈ పలకలు ఎవరు వేశారు?" అని అడిగారు.

అతను గొంతు సవరించుకునేలోపే అక్క అందుకుంది. "మా తమ్ముడేనండీ. పాపం వాడు వద్దని మొత్తుకున్నాడు. పొయ్యి గదిలో ఇవి పనికిరావక్కా అన్నాడు. నేనే పట్టుబట్టి వేయించాను."

అధికారిణి అతని వైపు తిరిగారు. "అంతేనా?"

అతను నేల చూశాడు. అక్కడ ఓ తెల్ల పలక ముక్క గట్టిపడి, నలిపి పారేసిన కాగితంలా పడి ఉంది. తల ఊపాడో లేదో అతనికి గుర్తులేదు. నోరు మాత్రం విప్పలేదు.

"మంట అక్కడ, గోడ ఇక్కడ," అంది అక్క. "ముట్టుకోకుండా ఎలా కాలిందండీ?"

"చలిమంట ముందు కూర్చుంటే ముఖం చురుక్కుమంటుంది, వీపు చల్లగానే ఉంటుంది కదా. మంటేమీ మీ ముఖాన్ని ముట్టుకోలేదు. వేడి కూడా వెలుతురులాగే తిన్నగా ప్రయాణం చేస్తుందమ్మా. ఎదురుగా ఏముంటే దాని మీద పడుతుంది." ఆవిడ టార్చి వేసి, గోడవారగా ఉన్న ఇనప బీరువాను చూపించారు. బీరువా చాటున పలకలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. దాని అంచు దాటగానే గీత గీసినట్టు కరిగిపోయి ఉన్నాయి. "ఇది బీరువా నీడ. వేడికి కూడా నీడ ఉంటుంది. పైకప్పుకైతే పొగ వేడి కూడా తోడైంది, అందుకే ముందు అది జారింది."

"తెలుపు... తెలుపు వేడిని తిప్పికొట్టదా, మేడమ్?" అన్నాడు తమ్ముడు. ఆ గొంతు తనదిలా అనిపించలేదు అతనికి.

"చాలామంది అలాగే అనుకుంటారు. ఎండని తిప్పికొడుతుంది, నిజమే. ఎండలో కంటికి కనిపించే వెలుగు ఎక్కువ. ఇలాంటి మంట నుంచి వచ్చే వేడి చాలావరకు కంటికి కనపడదు. మనకు తెల్లగా కనిపించే ప్లాస్టిక్కు ఆ వేడికి దాదాపు నల్లదాంతో సమానం. కొంచెం తిప్పికొట్టి మిగతాదంతా మింగేస్తుంది. మింగినదాన్ని లోపలికి తొందరగా పంపనూ లేదు, పైపొరలోనే పోగవుతుంది. అందుకే మెత్తబడి జారుతుంది. ఇంకా వేడెక్కితే ఆవిర్లు వదులుతుంది, మండేది ఆ ఆవిర్లే. అదే మెరిసే రేకు అనుకోండి, పడిన వేడిలో చాలాభాగం వచ్చిన దారినే పంపించేస్తుంది."

పెరట్లో తొట్టి మీద ఉన్న రేకు మాట అక్క ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండుననిపించింది అతనికి.

ఆసుపత్రిలో బావ చెయ్యి మోచేతి దాకా కట్లలో ఉంది. అతను వెళ్లి మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు. కట్టు వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

"మీ అక్క చెప్పిందిరా," అన్నాడు బావ. "నువ్వు వద్దంటే మేమే వినలేదట."

అతనికి చెవులు కాలిపోయాయి.

బావ కట్టున్న చేతిని దిండు మీదికి జరుపుకున్నాడు. "నేనూ ఆ గదిలోనే ఉన్నాను మరి. ఎప్పుడన్నావో గుర్తు రావడంలేదు. మందుల మత్తేమోలే."

వెక్కిరింపో, ఓదార్పో అర్థం కాలేదు. ఏదైనా భరించేవాడే గానీ, ఆ రెండిటి మధ్యా నిలబడటం అతనివల్ల కాలేదు. పళ్లు కొనుక్కొస్తానని చెప్పి బయటికొచ్చి, ఆ పూట మళ్లీ వెళ్లలేదు.

తర్వాత చాలా రోజులు బేకరీ వీధి తప్పించి చుట్టుతిరిగి పోయేవాడు. ఎవరైనా అలవాటు చొప్పున, "సలహాల సారూ, మా మోటారు చూస్తావా?" అంటే, వినిపించనట్టు నడిచి వెళ్లిపోయేవాడు. జాలి చూపించేవాళ్లను చూస్తే ఇంకా కష్టంగా ఉండేది. "పాపం, నువ్వు చెబితే విన్నారు కాదు," అనేవాళ్లు. అక్క ఆ మాట ఊరంతా నాటేసింది. తమ్ముడి పరువు కోసం ఆవిడ ఎంత శ్రద్ధగా అబద్ధం ఆడుతోందో తెలిసేకొద్దీ అతనికి తలెత్తడానికి చోటు మిగల్లేదు.

ఒక రోజు అన్నం ముందు కూర్చుని ఉండగా, ఆడపిల్లల హాస్టలు వంటగది గుర్తొచ్చింది. అక్కడా అవే పలకలు. అక్కడా అదే తెల్ల చొక్కా కథ. చెయ్యి కడుక్కుని లేచాడు.

హాస్టల్లో వంట చేసే పెద్దావిడ పెద్ద పొయ్యి ముందు గరిటె తిప్పుతోంది. ఆవిడ వెనక గోడ తెల్లగా, తళతళలాడుతూ ఉంది.

"పెద్దమ్మా, ఈ పలకలు పీకేస్తాను," అన్నాడు.

"ఏం, ఇంకో కొత్త రకం వచ్చిందా?"

"కాదు. ఊరికే పీకేస్తాను."

"ఊరికే అంటే ఇంకా భయం వేస్తుంది నాయనా. ఇదిగో, ఇక్కడే నిలబడి నువ్వే కదా అన్నావు, తెల్లది వేడిని తిప్పికొడుతుంది, నీ వంటిల్లు చల్లగా ఉంటుంది అని?"

"అన్నాను. తెలియక అన్నాను."

"తెలియకా? నువ్వా?" ఆవిడ నవ్వింది. పక్కన గిన్నెలు తోముతున్నావిడను కూడా పిలిచి చెప్పింది. "విన్నావటే, సలహాల సారుకు తెలియదట! తెల్లనివన్నీ పాలనుకున్నాడట!" ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

అతను నవ్వు అయ్యేదాకా ఆగాడు. "మా బావ చెయ్యి కాలింది, పెద్దమ్మా. నావల్లే. అక్క బయటికి రమ్మంటే నేనే ఆగమన్నాను."

ఆ మాట బయటికి రావడం అదే మొదలు. పెద్దావిడ గరిటె పక్కన పెట్టింది. పొయ్యి కట్టేసింది. "నిచ్చెన వెనక వసారాలో ఉంది, తెచ్చుకో," అంది.

పిల్లలు భోజనానికి వచ్చేసరికి గోడ మళ్లీ పాత మసితో బయటపడింది. అతని చేతుల్లోంచి నెత్తురు కారుతోంది. బిగించేటప్పుడు ఎంత గట్టిగా బిగించాడో పీకేటప్పుడు తెలిసింది.

రోడ్డు మలుపులో ఉన్న భోజనశాల వంటింట్లోనూ అతను వేసిన పలకలే. ఆ యజమాని మాత్రం ఒప్పుకోలేదు. "నిక్షేపంలా ఉన్న గోడని పీకుతానంటావేంటయ్యా? మీ వాళ్ల ఇంట్లో ప్రమాదం జరిగి నీ మతి చలించినట్టుంది. ఇంటికెళ్లి పడుకో." మళ్లీ వెళితే పనివాడి చేత బయటికి నెట్టించాడు. నలుగురూ చూశారు.

ఇక మిగిలిన దారి అగ్నిమాపక కార్యాలయమే. అధికారిణి చెబితే ఆ యజమాని వింటాడు. కానీ ఆవిడకు చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. ఆ గేటు ముందు అటూ ఇటూ తిరిగి, లోపల్నుంచి ఎవరో వచ్చి ఏం కావాలని అడిగాక గానీ అడుగు పెట్టలేదు.

ఆవిడ అంతా విన్నారు. "మరి ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదు?"

"సిగ్గేసింది, మేడమ్."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వేస్తోంది."

ఆవిడ ఓదార్చలేదు. "మీ అక్క చెప్పిన మాట సరిదిద్దాలి, ఆవిడతో మళ్లీ మాట్లాడతాను," అన్నారు. తర్వాత టోపీ తీసుకుని, "పదండి, ఆ హోటలు చూపించండి," అన్నారు. భోజనశాల గోడ ఆ సాయంత్రమే ఖాళీ అయింది. యజమాని వీధిలో నిలబడి అతన్ని అనరాని మాటలు అంటూనే ఉన్నాడు. అతను పలకలు మోసుకుంటూ ఆయన ముందునుంచే అటూ ఇటూ నడిచాడు.

అక్కకు సంగతి తెలిసింది. తమ్ముడి గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండానే నిలబడింది.

"నీకోసం నోరు పాడుచేసుకున్నానురా. నువ్వెళ్లి అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేసొచ్చావు."

"అబద్ధమే కదక్కా."

"అబద్ధమని నాకు తెలీదా? నేను ఆడింది నా తమ్ముడి కోసం. నువ్వు నిజం చెప్పింది ఎవరికోసం? నీ బరువు దించుకోవడానికి!"

ఆ మాటలో కొంత నిజముందని అతను ఈరోజుకీ అంటాడు. ఆవిడ వెళ్లిపోయింది. మాట్లాడటం మానేసింది.

బేకరీ మళ్లీ తెరిచారు. గోడలకు సున్నం కొట్టించారు. పొయ్యి వెనక కొత్త రేకు బిగించడానికి అక్క వేరే మనిషిని పిలిచింది. బావ చెయ్యి మానింది కానీ చర్మం బిగుసుకుపోయి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. పిండి పిసకడం ఆయనవల్ల కావడంలేదని విని, ఒక పొద్దున అతను వెళ్లి వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. బావ ఏమీ అడక్కుండా పిండి తొట్టి అతని వైపు జరిపాడు.

అప్పట్నుంచి రోజూ వెళుతున్నాడు. మొదట్లో అతను పిసికిన బ్రెడ్డు తిని, వాడుకవాళ్లు "గోడలు కట్టుకోవడానికి పనికొస్తుంది" అని ఎగతాళి చేశారు. తలవంచుకుని విన్నాడు. బావ పక్కన నిలబడి, "అలా గుద్దకు, మడుస్తూ నొక్కు," అని చెబుతుంటే మారు మాట్లాడకుండా అలాగే చేశాడు. పిండిలోకి చూస్తాడు, పొయ్యిలోకి చూస్తాడు, బావ చేతి వైపు మాత్రం చూపు పోనివ్వడు. అక్క పిండి బస్తా తెచ్చి అతని పక్కనే దించుతుంది, అతను అక్కడ లేనట్టే వెళ్లిపోతుంది.

మొన్న ఒక పొద్దున బావ చొక్కా తొడుక్కుంటూ ముంజేతి గుండీతో కుస్తీ పడ్డాడు. ఎడం చెయ్యి ఒక్కదానితో కుదరలేదు. ముందు గదిలో మనుషులు వచ్చి నిలబడ్డారు.

"ఒరేయ్, ఇది కాస్త పెట్టు," అని కాలిన చెయ్యి అతని ముందుకు చాపాడు.

అతను పిండి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. తప్పించుకోవడానికి చోటు లేదు. చూశాడు. ముంజేతి మీద చర్మం కరిగి గట్టిపడినట్టు మెరుస్తూ, ముడతలుగా, లేత ఎరుపులో ఉంది. రెండు వేళ్లు ఒకదానికొకటి ఒరిగి ఉన్నాయి. గుండీ పెట్టబోతే జారిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు.

"నొప్పిగా ఉందా బావా?"

"అక్కడ లేదు. పైన లాగుతుంది. చలికాలం ఎలా ఉంటుందో చూడాలి."

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. గుండీ పడ్డాక ఇద్దర్నీ ఓసారి చూసి, "పిండిలో ఉప్పేశావా లేదా?" అంది.

ఎవర్ని అడిగిందో అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఇంకా వెయ్యలేదక్కా," అన్నాడు.

"మరి వెయ్యి," అని ఆవిడ ముందు గదిలోకి వెళ్లిపోయింది.